కట్ట తెగింది సరే, నీళ్లెటు పోయినయ్?: ఒక ఫాంటసీ ఆట కేస్ స్టడీ

మా ఆట నాలుగో సెషన్‌లో చచ్చిపోయింది. ఆ సంగతి నాకు ఏడో సెషన్ దాకా తెలియలేదు.

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్: నేను కథ చెబుతాను, ప్లేయర్లు తలో పాత్రగా ఏం చేస్తారో చెబుతారు, అది పారుతుందో లేదో డైస్ తేలుస్తుంది. ఆ నాలుగో సెషన్‌లో ప్లేయర్లు ఒక చెరువు కట్టను తెంచారు. కట్ట కింద గుహలో గాబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు, దాక్కున్నారు. ఒక్కొక్కరితో కొట్లాడే బదులు నీళ్లు వదిలితే సరిపోతుందని ఇంజనీరింగ్ చదివే కుర్రాడికి ఐడియా వచ్చింది. డైస్ కూడా కలిసొచ్చింది, ఇరవైకి పంతొమ్మిది పడింది. నేను ఊపుమీద వర్ణించాను. కట్ట బీటలు వారింది, నీళ్లు ఉరికాయి, గుహ నిండింది, గాబ్లిన్ల అరుపులు ఆగిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నీటిపారుదల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీర్‌గా) పనిచేసే మిత్రుడు మాత్రం చేతిలో మిర్చి ప్లేట్లో పెట్టి, "అన్నా, నీళ్లెటు పోయినయ్?" అన్నాడు.

"గుహలకు."

"గుహ ఎంత ఉంటది, చెరువు ఎంత ఉంటది? మిగిలిన నీళ్లు?"

"కిందికి."

"కింద ఏముంది?"

మ్యాప్ గీసింది నేనే. కింద ఒక ఊరు ఉంది. మొదటి సెషన్‌లో వీళ్లు రెండు రాత్రులు పడుకున్న ఊరు. వచ్చే వారం వీళ్లకు సన్మానం అక్కడే పెట్టుకున్నాను. టెన్షన్‌లో నోటికి వచ్చింది చెప్పేశాను: "అది మంత్రాల నేల, నీళ్లు ఇంకిపోయినయ్."

ఎవరూ వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది. ఆ తర్వాతి వారం నుంచి టేబుల్ మీదికి ఫోన్లు వచ్చాయి. ఊరి పెద్ద మాట్లాడుతుంటే బట్టల షాపాయన వాట్సాప్ చూసుకుంటున్నాడు. ఏ పని చేసినా ఈ లోకం అడ్డుపడదు, గుర్తుపెట్టుకోదు అని వాళ్లకు అర్థమైపోయింది.

టేబుల్ చుట్టూ ఎవరెవరు

మేం హనుమకొండలో ఒక మేడ మీద గదిలో ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుంటాం. నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేవాణ్ని. ప్లేయర్లు ఐదుగురు: ఏఈ, ఒక నర్సు, బట్టల షాపాయన, ఇంజనీరింగ్ కుర్రాడు, ఒక టీచర్. ఆడేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్‌తో. ఈ ఆట మొదటిసారి 1974లో అమెరికాలో అచ్చయింది. అందులోని కోటలు, సత్రాలు, అడవులు అన్నీ యూరప్ వాసనతో ఉంటాయి. మేం మాత్రం మొదటి నుంచే చెరువులు, తాటిచెట్లు, నల్లరేగడి ఉన్న లోకం కావాలనుకున్నాం. కాబట్టి తప్పు యూరప్ మీద తోసేయడానికి కూడా లేదు. చెరువు పెట్టింది నేను, చెరువంటే ఏమిటో ఆలోచించనిది నేనే.

తెలియక కాదు. మా తాత ఊరు గొలుసుకట్టు చెరువుల మధ్య ఉంటుంది. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు, అది నిండితే ఇంకో చెరువుకు. చిన్నప్పుడు మత్తడి మీద చేపలు పట్టినవాణ్నే. టేబుల్ ముందు కూర్చోగానే ఆ చెరువు పోయి, కంప్యూటర్ గేముల్లో నీలిరంగు మచ్చలాంటి చెరువు బుర్రలోకి వచ్చింది.

తప్పుడు మందు

ఏడో సెషన్ తర్వాత టీచర్ నన్ను పక్కకు పిలిచి, "సార్, ఎందుకో మజా వస్తలేదు" అన్నారు. దాంతో నాకు పట్టుదల వచ్చింది. రియలిజం తక్కువైందని నాకు నేనే రోగం నిర్ధారించుకుని పద్నాలుగు పేజీల నోట్సు రాశాను. ఏ ఊళ్లో ఎంత మంది, ఎన్ని ఎకరాలు, పన్ను ఎంత, ధాన్యం ధర ఎంత. రూల్స్ పుస్తకంలో అప్పటిదాకా మేం పట్టించుకోని లెక్కలన్నీ బయటికి తీశాను. కాగడా గంటసేపే వెలుగుతుంది, ఇరవై అడుగుల దాకే బాగా కనిపిస్తుంది. మనిషికి రోజుకు ఒక పౌను తిండి, ఒక గ్యాలన్ నీళ్లు, ఎండాకాలమైతే రెండు. యాభై నాణేలు ఒక పౌను బరువు. బలం స్కోరును పదిహేనుతో గుణిస్తే ఎన్ని పౌన్లు మోయగలరో వస్తుంది.

ఎనిమిదో సెషన్ మూడు గంటలు నడిచింది. అందులో గంటంబావు మూటలు కట్టుకోవడానికే సరిపోయింది. బట్టల షాపాయన మొహం చూడాలి. "తమ్మీ, పొద్దంత దుకాణంల స్టాకే రాస్త. ఆదివారం గూడ స్టాకేనా?" తొమ్మిదో సెషన్‌కు టీచర్ రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. పని ఒత్తిడి అన్నారు కానీ ఆ ఖాళీ కుర్చీ నా ఖాతాలోదే.

నా నోట్సులో అబద్ధమేమీ లేదు. ఊరి జనాభాకు, ఎకరాలకు, పన్నుకు లెక్క కుదిరింది. కానీ అందులో ఒక్క ముక్కయినా ప్లేయర్ల చేతికి తగిలేది లేదు. కాగడా ఆరిపోతే ఇంకోటి వెలిగిస్తారు, అంతే. నీళ్లెటు పోయినయ్ అన్న ప్రశ్నకు ఆ పద్నాలుగు పేజీల్లోనూ జవాబు లేదు.

పది గ్యాలన్ల లెక్క

మూడు వారాలు ఆట ఆపేశాం. ఆ మధ్యలో ఏఈ మిత్రుడూ నేనూ ఒక సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద కూర్చుని ఒకే ఒక విషయం తేల్చుకున్నాం: నీళ్లు. మిగతావన్నీ రూల్స్ ఎలా చెబితే అలాగే వదిలేస్తాం, నీళ్ల దగ్గర మాత్రం ఏం అడిగినా జవాబు ఉండాలి.

మొదటి అడ్డంకి మంత్రాలే. ఈ ఆటలో పూజారి తరహా క్యారెక్టర్లకు నీళ్లు పుట్టించే స్పెల్ మొదటి లెవెల్‌లోనే దొరుకుతుంది. ఒకసారి వాడితే పది గ్యాలన్లు, అంటే దాదాపు 38 లీటర్లు. మంత్రంతో నీళ్లొచ్చే లోకంలో చెరువు ఎవరు తవ్వుతారు? ఈ ప్రశ్నకు భయపడే చాలామంది గేమ్ మాస్టర్లు ఆ స్పెల్‌నే తీసేస్తారు. నేనూ తీసేద్దామన్నాను. ఏఈ వద్దని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచాడు.

ఐదో లెవెల్ పూజారి ఒక రోజుకున్న శక్తి మొత్తం నీళ్లకే ఖర్చు పెట్టాడనుకుందాం. మొదటి లెవెల్ శక్తితో నాలుగుసార్లు, రెండో దానితో మూడుసార్లు, మూడో దానితో రెండుసార్లు మంత్రం వాడగలడు. పెద్ద శక్తి వాడితే లెవెల్‌కు పది గ్యాలన్ల చొప్పున నీళ్లు పెరుగుతాయి కాబట్టి 40, 60, 60. మొత్తం 160 గ్యాలన్లు, సుమారు 600 లీటర్లు. ఎకరం మీద ఒక్క అంగుళం నీళ్లు నిలవాలంటే లక్ష లీటర్లకు పైనే కావాలి. వరికి సీజన్ మొత్తం మీద 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. పూజారిగారు ఒక్క రోజు కూడా సెలవు తీసుకోకుండా మంత్రం చదివితే ఎకరం వరి, ఒక్క పంట పండటానికి ఇరవై రెండేళ్లు పడుతుంది.

ఇద్దరం పడీపడీ నవ్వాం. అదే 600 లీటర్లు ముట్టడిలో ఉన్న కోటలో అయితే? ఎండాకాలం లెక్కన మనిషికి రెండు గ్యాలన్లు చొప్పున ఎనభై మంది ప్రాణం నిలబడుతుంది. అంటే ఈ లోకంలో పూజారులకు రైతు దగ్గర విలువ లేదు, కోటలో ఉంది. రాజు వాళ్లను ఊళ్లలో ఉండనివ్వడు, కోటలో పెట్టి మేపుతాడు. పల్లెలో జబ్బు చేస్తే నయం చేసే పూజారి ఉండడు, ఎందుకంటే ఆయన యుద్ధం రాకముందే కోట బావి పక్కన కూర్చుని ఉన్నాడు. పల్లెలకు రాజు మీద కడుపుమంట ఎందుకో నేను కూర్చుని కథ అల్లాల్సిన పనే లేకపోయింది.

ఆ పద్నాలుగు పేజీలు ఇవ్వనిది ఈ ఒక్క లెక్క ఇచ్చింది. మాయను తగ్గించలేదు, కొలిచాం అంతే. కొలిస్తే అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలిసింది. ఆ రెండింటి మధ్యే మనుషుల కొట్లాటలు పుట్టుకొచ్చాయి.

బండ్లవాళ్లు

పదో సెషన్‌లో ఇంజనీరింగ్ కుర్రాడు నాకు ఇంకో పరీక్ష పెట్టాడు. వాడి క్యారెక్టర్ మాంత్రికుడు. వాడి దగ్గర మోల్డ్ ఎర్త్ అనే చిన్న మంత్రం ఉంది, ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. వదులుగా ఉన్న మట్టిని ఐదడుగుల ఘనం చొప్పున తవ్వి ఐదడుగుల అవతల పోస్తుంది. ఆరు సెకన్లకు ఒకసారి. "అన్నా, నేను చెరువు పూడిక తీస్త. ఊరంతా నాకు మొక్కాలె."

లెక్క వేస్తే వాడు నిజంగానే జేసీబీని మించిపోయాడు. ఒక్కసారికి మూడున్నర ఘనపు మీటర్లు, నిమిషానికి ముప్పై ఐదు. రూల్ మార్చి వాడి నోరు మూయించాలని చెయ్యి దురద పెట్టింది. ఏఈ నవ్వుతున్నాడు. ఆయన మిషన్ కాకతీయ పనులు చూసినవాడు. 2015లో మొదలైన ఆ పథకంలో చెరువు పూడిక తీసే ఖర్చు సర్కారుది, ఆ మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. తవ్వడం ఒక ఎత్తు, తోలడం ఇంకో ఎత్తు అని ఆయనకు ఎండలో నిలబడి తెలిసిన విషయం.

"తమ్మీ, తవ్వినవ్. ఐదడుగుల అవతల పోసినవ్. వానొస్తే మళ్ల చెరువులకే వస్తది గదా."

"ఇంకోసారి జరుపుత."

"పొలం అర కిలోమీటర్ ఉంది."

కుర్రాడు లెక్క వేసుకున్నాడు. అర కిలోమీటర్ అంటే 1,640 అడుగులు, 328 సార్లు మంత్రం. ఒక్క ట్రాక్టర్ ట్రాలీ మట్టి లాంటిది పొలం చేరడానికి అరగంట పైన. అది కూడా మట్టి పొడిగా, వదులుగా ఉంటే. ఎండి నెర్రెలిచ్చిన పూడిక మీద మంత్రం పారదు, ముందు ఎవరో ఒకరు గడ్డపారతో పెళ్లగించాలి. వాడు కాసేపు మౌనంగా ఉండి, "అయితే ఎడ్లబండ్లు ఎవరి దగ్గరున్నయ్?" అని అడిగాడు.

ఆ ప్రశ్న కోసమే నేను ఇన్ని నెలలు ఎదురుచూశాను. బండ్లు ఉన్నది బండ్లవాళ్ల సంఘం దగ్గర. మాంత్రికులు వచ్చాక తవ్వే కూలీలకు పని పోయింది, బండ్లకు గిరాకీ మూడింతలైంది. వాళ్లు కిరాయి పెంచారు. పని పోయిన కూలీలు మాంత్రికుణ్ని చూస్తే రాళ్లేస్తున్నారు. మొక్కుతారనుకున్న ఊళ్లో వాడు ముసుగేసుకుని తిరగాల్సి వచ్చింది. తర్వాతి మూడు సెషన్లు బండ్లవాళ్ల సమ్మె మీదే నడిచాయి. ఒక్క కత్తి కూడా దూయలేదు. ఆ మూడు వారాలూ టేబుల్ మీద ఫోన్ కనిపించలేదు.

దాచిన నీళ్లు

పదకొండో సెషన్ మొదట్లో నేను ఒప్పేసుకున్నాను: నాలుగో సెషన్‌లో నీళ్లు ఇంకలేదు, అప్పుడు నేను తప్పించుకోవడానికి చెప్పిన మాట అది. మీరు తెంచిన కట్ట కింద ఇంకో రెండు చెరువులు ఉన్నాయి, అవీ తెగాయి. ఆ ఊరు లేదు. మిగిలినవాళ్లు దిబ్బ మీద గుడిసెలేసుకున్నారు. తూము తిప్పి మడి మడికీ నీళ్లు పంచే నీరటి మీ పేర్లు అడుగుతున్నాడు, కల్లంలో తనకు రావలసిన గింజలు ఎవరిస్తారని.

నర్సు కాసేపు ఏమీ మాట్లాడలేదు. బట్టల షాపాయన తన క్యారెక్టర్ దగ్గరున్న బంగారమంతా అక్కడికక్కడే రాసిచ్చేశాడు. కుర్రాడు మాత్రం గట్టిగా తగులుకున్నాడు: "ఇది అన్యాయం అన్నా. అప్పుడు చెప్పలేదు గదా. చెప్తే తెంచకపోయేటోళ్లం."

వాడు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నాకు గుచ్చుకుంది కూడా. వాడి క్యారెక్టర్ ఆ తాలూకాలోనే పుట్టి పెరిగాడు. మత్తడి నీళ్లు ఎటు పోతాయో పదేళ్ల పిల్లవాడికి తెలిసిన ఊళ్లో అతనికి తెలియకపోవడం ఏమిటి? తెలియనిది కుర్రాడికి, క్యారెక్టర్‌కు కాదు. ఆ రెండింటినీ కలిపేసి శిక్ష వేయడం గేమ్ మాస్టర్లు తరచూ చేసే మోసం, రియలిజం పేరు మీద. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్లేయర్ ఏదైనా పెద్ద పనికి దిగేముందు, ఆ ఊళ్లో బతికేవాడికి ఎవరికైనా తెలిసే విషయాన్ని నేనే అడక్కుండా చెబుతాను. "ఈ కట్ట తెగితే కింద రెండు చెరువులు, ఒక ఊరు. ఇంకా తెంచుతారా?" అప్పుడు కూడా తెంచారంటే ఆ ఫలితం వాళ్లది. పదిహేనో సెషన్‌లో ఇంకో కట్ట దగ్గర ఇదే అడిగాను. నలభై నిమిషాలు వాదించుకున్నారు. తెంచలేదు.

రియలిజం పేరుతో వచ్చినవి

ఈ మధ్యలో ఒక పాత ప్లేయర్ రెండు సెషన్లకు అతిథిగా వచ్చాడు. నర్సు క్యారెక్టర్ సేనాని. "ఆ కాలంలో ఆడోళ్లు సైన్యం నడుపుడు రియలిస్టిక్ కాదు" అన్నాడు. ఈ మాట వరంగల్‌లో కూర్చుని అన్నాడు, ఖిలా వరంగల్ అక్కడికి గట్టిగా అరగంట దూరం కూడా లేదు. నర్సు తల కూడా ఎత్తలేదు. "రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా ఏలింది తమ్మీ. నీ డైస్ వెయ్యి." పైగా నిప్పులు కక్కే డ్రాగన్ మీద అతనికి ఏ అభ్యంతరమూ లేదు. ఎవరైనా రియలిజం అన్నప్పుడు అది దేన్ని ఆపడానికి అంటున్నారో ముందు చూడాలి.

కోట సంగతి కూడా అంతే. ఫాంటసీ కోట అనగానే నేను రాతి గోడ గీశాను. ఓరుగల్లు కోటకు రాతి గోడ లోపల ఉంది, దాని బయట మట్టి గోడ. 1309-10లో ఢిల్లీ సైన్యం ముట్టడించినప్పుడు ఆ మట్టి గోడ ఎంత గట్టిదో, రాళ్లు విసిరే యంత్రాలు కొట్టినా రాళ్లు ఎలా వెనక్కి ఎగిరిపడతాయో ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. మ్యాప్ మార్చి బయట మట్టి గోడ పెట్టాను. కుర్రాడు దాని మీద ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం వేశాడు. మట్టి ఇటుకలా ఇంకొంచెం కాలిందని చెప్పాను. వాడు నన్ను వారం రోజులు తిట్టాడు.

భాష గురించి ఒక్క మాట. నా రాజు మొదట్లో నాటకాల్లో లాగా "ఏమంటివి ఏమంటివి" అని మాట్లాడేవాడు. ప్రతిసారీ అందరూ నవ్వేవారు. ఇప్పుడు రాజు నిదానంగా, తక్కువగా, మన యాసలోనే మాట్లాడతాడు. "కూసో బిడ్డా. నీళ్లు తాగినవా?" అని ఆయన అడిగితే ఇప్పుడు నిజంగా భయపడుతున్నారు.

సమ్మక్క సారలమ్మ కథను ఆటలోకి తెమ్మని బట్టల షాపాయన అడిగాడు. కరువు, కప్పం, కోయలు, కాకతీయ సైన్యం, జంపన్న వాగు, అన్నీ మన ఆటకు సరిగ్గా సరిపోతాయి అన్నాడు. సరిపోతాయి. అందుకే తేలేదు. మేడారంలో జనం బెల్లాన్ని బంగారమని మొక్కి ఇస్తారు, దాని మీద డైస్ వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

బాగుపడనివి

అన్నీ సరిచేశానని చెప్పను. ఈ ఆటలో బంగారు నాణేల లెక్క మొదటి నుంచీ వింతే. ఒక్క గుహ దోచుకుంటే వచ్చే బంగారంతో ఊరు ఊరంతా కొనేయొచ్చు. దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే మళ్లీ స్టాక్ రిజిస్టరే.

గాయాల సంగతి ఇంకా ఆశ్చర్యం. కత్తిపోట్లతో చావు అంచుదాకా వెళ్లినవాడు కూడా ఎనిమిది గంటలు పడుకుంటే పూర్తిగా కోలుకుంటాడని రూల్. మా టేబుల్ మీద నర్సు ఉన్నారు కాబట్టి ఇది ఆమెకు ఇబ్బందిగా ఉంటుందనుకుని, గాయాలకు కొత్త రూల్స్ రాసి చూపించాను. చీము, జ్వరం, కట్లు అన్నీ. ఆమె చదివి కాగితం వెనక్కి ఇచ్చేశారు. "అన్నా, వారమంతా డ్రెస్సింగులే చేస్త. ఈడ గూడ చెయ్యమంటవా?"

ఏఈకి తన వృత్తి ఆటలో కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. నర్సుకు ఆటలో తన వృత్తి కనిపించకుండా ఉండటమే కావాలి. దీనికి సూత్రం ఏదో ఉంటుందని నేను వెతకలేదు. ఇప్పుడు కొత్త ప్లేయర్ ఎవరొచ్చినా ఒకటే అడుగుతాను: ఏది తప్పుగా ఉంటే మీకు తిక్కరేగుతుంది, ఏది తప్పుగా ఉన్నా పర్వాలేదు? జవాబు మనిషిని చూసి ఊహించగలనని ఇక అనుకోను.

ఈ క్యాంపెయిన్, అంటే ఈ కథ మొత్తం, ఇరవై రెండో సెషన్‌లో ముగిసింది. వచ్చేది సముద్రం ఒడ్డున. ఓడ బద్దలై సరుకు తీరానికి కొట్టుకొస్తే అది రాజుదా, వర్తకుడిదా అన్న తగువుతో మొదలుపెడుతున్నాను. కాకతీయ రాజు గణపతిదేవుడి మోటుపల్లి శాసనంలో ఉన్న విషయమే అది. అంతకుముందు రాజులు అలాంటి సరుకంతా లాక్కునేవారని, తాను మాత్రం సుంకం తీసుకుని మిగిలింది వదిలేస్తానని అందులో చెక్కించాడు. ఓడల గురించి తనకు ఏమీ తెలియదని, ఈసారి ప్రశాంతంగా ఆడతానని ఏఈ ముందే ప్రకటించాడు. బట్టల షాపాయన మాత్రం నిన్న రాత్రి ఫోన్ చేసి, పట్టు మీద సుంకం ఎంత పెడుతున్నావని గట్టిగా అడుగుతున్నాడు.